నల్ల కారుకు మంచినీళ్లు

మా కొండగెడ్డ పురపాలక సంఘంలో కుళాయికి మంచినీళ్లు రావాలంటే కావలసింది వానా కాదు, ఊరి పక్క పారే గెడ్డా కాదు, నల్ల కారు. ఇన్నేళ్లుగా ఇక్కడే గుమాస్తాగిరీ వెలగబెడుతున్నా ఈ సంగతి నాకెవరూ చెప్పలేదు. కళ్లారా చూసి తెలుసుకున్నాను కాబట్టి మీకూ చెబుతున్నాను.

కారు మా కమిషనర్ వెంపరాల సదానందం గారికి ప్రభుత్వం వారు కొత్తగా ఇచ్చింది. నల్లగా నిగనిగలాడుతూ ఉండేది. మా హెడ్ గుమాస్తా పొద్దున్నే దాని తలుపులో చూసుకుని తల దువ్వుకునేవాడు. ఊళ్లోకి పెళ్లికూతురు దిగినట్టు జనం వచ్చి చూసి వెళ్లేవారు.

అది వచ్చిన కొద్దిరోజులకే దసరా వచ్చింది. ఆయుధపూజ నాడు మా ఆఫీసులో భక్తి పొంగిపొర్లింది. కమిషనర్ గారి కళ్లలో పడాలన్న తాపత్రయంతో ఒక్కో విభాగం వాళ్లు వచ్చి కారుకి ఒక్కో బొట్టు పెట్టారు. పన్నుల వాళ్లు పసుపు పూస్తే పారిశుధ్యం వాళ్లు దాని మీద గంధం పూశారు. జనన మరణాల వాళ్లు కుంకుమ అద్దారు. బూడిద గుమ్మడికాయ దిష్టి తీసి పగలగొట్టారు, కొబ్బరికాయలు కొట్టారు. మధ్యాహ్నానికి ఆ గంధమంతా ఎండి, గోడకి వేసిన సున్నంలా బిగుసుకుపోయింది.

మర్నాడు జిల్లా కేంద్రంలో సమావేశం. కారు మెరవాలి. డ్రైవర్ పోలినాయుడు ఒక బకెట్టుతో కుళాయి నీళ్లు పట్టి, అందులో గుప్పెడు సబ్బు పొడి వేశాడు. తోమడానికి ఏమీ దొరక్క, కొట్టిన కొబ్బరికాయల పీచే తీశాడు. దేవుడికి కొట్టిన కాయ పీచు కాబట్టి దోషం లేదన్నారు అందరూ. అందరం తలా ఒక పీచు ముక్క పుచ్చుకుని, ఇంట్లో ఇత్తడి గంగాళం తోమినట్టు గుండ్రంగా తిప్పి తిప్పి తోమాం. చివర్లో పోలినాయుడు తన పాత లుంగీతో తుడిచాడు. మేమంతా చేతులు నడుముకి పెట్టుకుని చూసి మురిసిపోయాం.

మర్నాడు పొద్దున్న ఎండ సూటిగా కారు మీద పడింది. కమిషనర్ గారు మెట్లు దిగి, రెండడుగులు వేసి, అక్కడే ఆగిపోయారు. కారు ఒంటి నిండా గుండ్రటి గీతలు. బానెట్టు మీద, తలుపుల మీద, టాపు మీద, సాలెగూడు పరిచినట్టు వలయాలు వలయాలుగా గీతలు.

"ఇది ఎవరి పని?" అన్నారాయన. గొంతు వణికింది. తండ్రి పోయినప్పుడు కూడా ఆయన గొంతు అలా వణకలేదని పోలినాయుడు తర్వాత నాతో చెప్పాడు.

సరిగ్గా ఆ సమయానికే గవరమ్మ గేటు దాటి వచ్చింది. మా ఆఫీసు గేటు పక్కన తోటకూర, గోంగూర అమ్ముకుంటుంది. ఉండేది గెడ్డ పక్క వీధిలో. ఆ వీధిని గెడ్డవార అంటారు. ఆమె చేతిలో ఒక సీసా, అందులో టీ రంగు నీళ్లు ఉన్నాయి.

"బాబూ, ఇయి మా కులాయి నీలు. అడుగున మట్టెలా పేరుకున్నాదో సూడండి. మా మనవరాలు పైడికి పచ్చకామెర్లొచ్చీసినాయి. ఈ నీలు పట్టీకండి, పట్టితే పిల్ల దక్కదు అన్నాడు డాట్రు బాబు. మరి నానేటి పట్టాలి? ఓపాలి మా ఈదికొచ్చి సూసీండి బాబూ."

కమిషనర్ గారు సీసా వంక చూశారు గాని, సీసా కనిపించినట్టు లేదు. "అమ్మా, ఇక్కడ అత్యవసర పరిస్థితి నెలకొని ఉంది. నీ సమస్య సంబంధిత విభాగం పరిశీలిస్తుంది" అన్నారు.

సంబంధిత విభాగమంటే మా డిప్యూటీ ఇంజినీరు గంటి విశ్వపతి గారు. గవరమ్మ ఆయనకి అర్జీ పెట్టడం ఇది మొదటిసారి కాదు. గెడ్డవార నీళ్లు తాగడానికి యోగ్యమైనవని ఆయన ఏటా సంతకం పెడతారు. సంతకం పడగానే నీళ్లు యోగ్యమవుతాయి. ఇంక ఆ నీళ్లలో మట్టి కనిపిస్తే అది చూసినవాళ్ల కళ్ల దోషం.

ఆ సాయంత్రమే అత్యవసర సమావేశం పెట్టారు. గెడ్డవారలో పిల్లలు వరసగా జబ్బుపడ్డప్పుడు కూడా ఆ హాల్లో అన్ని కుర్చీలు నిండలేదు. కమిషనర్ గారు లేచి నిలబడ్డారు.

"మిత్రులారా, నలుపు ఒక రంగు కాదు. అది పరిపాలనా పారదర్శకతకు నిదర్శనం. నలుపు మీద ఏ తప్పూ దాగదు. కావున సదరు వర్ణమును కాపాడుట మనందరి విధి."

అందరం బల్లలు చరిచాం. వెంటనే వర్ణ పరిరక్షణ ఉపసంఘం ఏర్పడింది. విశ్వపతి గారు అధ్యక్షులు. కారు కడగడం మీద ఆయన ఆ రాత్రంతా ఫోన్లో వీడియోలు చూశారట, మర్నాడు వచ్చేసరికి కళ్లు ఎర్రగా ఉన్నాయి. ఆయన చెప్పినవన్నీ నేను రాసుకున్నాను. తప్పు పట్టడానికి ఒక్కటీ లేదు, అదే వచ్చిన చిక్కు. ఎండలో కడగకూడదు, నీడలోనే కడగాలి. ముందు నీళ్లు పోసి దుమ్ము జారనివ్వాలి. ఒక బకెట్టులో సబ్బు నీళ్లు, ఇంకో బకెట్టులో జల్లెడ వేసి మామూలు నీళ్లు పెట్టుకోవాలి. మెత్తటి ఉన్ని తొడుగు చేతికి వేసుకుని, సబ్బు నీళ్లలో ముంచి పై నుంచి కిందికి సూటిగా తుడవాలి. తుడిచిన ప్రతిసారీ తొడుగుని రెండో బకెట్టులో జాడించాలి. తొడుగుకి అంటుకున్న ఇసక ఆ జల్లెడలోంచి అడుక్కి దిగిపోతుంది. కడిగాక మెత్తటి తువ్వాలు పరిచి అద్దాలి గాని రుద్దకూడదు.

ఇందులో ఏముంది, పోలినాయుడికి చెబితే చేసుకునేవాడు. కానీ మా ఆఫీసులో ఏ పనీ ఒక్కడు చెయ్యడు. సబ్బు బకెట్టుకి ఒక అధికారి, జాడింపు బకెట్టుకి ఇంకో అధికారి నియమితులయ్యారు. ఒక బకెట్టు నుంచి ఇంకో బకెట్టులోకి తొడుగు వెళ్లాలంటే అది రెండు శాఖల మధ్య ఆస్తి బదిలీ. కాబట్టి పంపినట్టు ఒకరు, అందినట్టు ఇంకొకరు సంతకం పెట్టాలి. కారు కుడి తలుపు తుడవడానికే పొద్దు గడిచిపోయేది. ఈలోగా ఎడమ తలుపు మీద సబ్బు ఎండిపోయేది. దాని మీద మళ్లీ వివరణ అడిగేవారు.

కారుకి బారెడు దూరంలో ఉంగరాలు, గాజులు, గడియారాలు, బెల్టు బకిల్సు నిషేధం. ఇంజినీర్లు ప్యాంట్లు ఒక చేత్తో పట్టుకుని ఇంకో చేత్తో పర్యవేక్షించేవారు. ఇంక తువ్వాలు సంగతి. ఒకనాడు ఆరబెడుతుంటే తువ్వాలు జారి నేల మీద పడింది. నేల మీద పడ్డ తువ్వాలులో ఇసక రేణువులు చేరతాయి కాబట్టి మళ్లీ కారుకి తగలకూడదని నిబంధన. అలాగని పారెయ్యడానికి అది ప్రభుత్వ ఆస్తి. చివరికి విచారణ పూర్తయ్యేదాకా తువ్వాలుని సస్పెండ్ చేశారు. బీరువాలో పెట్టి సీలు వేశారు. ఆ ఉత్తర్వు టైపు చేసింది నేనే. 'సదరు తువ్వాలు ప్రధాన కార్యస్థానము విడిచి వెళ్లరాదు' అని కూడా రాయించారు.

ఇన్ని చేసినా ఫలితం కనిపించలేదు. కడిగి అద్దిన ప్రతిసారీ కారు మీద తెల్లటి చుక్కలు, సన్నటి కొత్త గీతలు. విశ్వపతి గారు భూతద్దం పెట్టి చూశారు, నీళ్లు పట్టి పరీక్షకు పంపారు. తర్వాత కమిషనర్ గారి గదిలోకి వెళ్లి తలుపు వేసుకున్నారు. బయటికి వచ్చినప్పుడు ఇద్దరి ముఖాలూ వాడిపోయి ఉన్నాయి.

కుళాయి నీళ్లే దోషి. నీళ్లలో ఇసక, సున్నం, ఇంకా పేరు పలకలేని పదార్థాలేవో ఉన్నాయట. ఆ నీళ్లు ఎండితే మరకలు, ఇసక తగిలితే గీతలు. ఇవి నల్ల కారుకి బొత్తిగా పనికిరావు. కారుకి శుద్ధిచేసిన నీళ్లు కావాలి.

ఆ తర్వాత పనులు నడిచిన వేగం నేను మా ఆఫీసులో అంతకుముందు చూడలేదు. ఆఫీసు వెనక షెడ్డు లేచింది. అందులో వడపోత యంత్రం బిగించారు. ఊరి కుళాయి నీళ్లే ముందు ఇసక పొరల్లోంచి, తర్వాత బొగ్గులోంచి, ఆ తర్వాత ఏదో పొరలోంచి కారి, చివరికి ఒక మెరిసే కుళాయి దగ్గరికి వచ్చేవి. ఆ కుళాయి నీళ్లు ఒకసారి గ్లాసులో పట్టి చూశాను. గ్లాసు ఖాళీగా ఉన్నట్టే అనిపించింది.

షెడ్డు ప్రారంభోత్సవానికి జనాన్ని పిలిచారు. చప్పట్లు కొట్టడానికి గెడ్డవార ఆడవాళ్లని కూడా తీసుకొచ్చారు. విశ్వపతి గారు మైకు పుచ్చుకున్నారు.

"మన పట్టణమునకు సరఫరా అగుచున్న కుళాయి నీటియందు ఇసుక రేణువులు, హానికర మలినములు అధికముగా ఉన్నవని శాస్త్రీయముగా నిర్ధారణ అయినది. ఇట్టి నీరు మన వాహనమునకు ఎంతమాత్రమూ యోగ్యము కాదు."

గవరమ్మ లేచి నిలబడింది.

"బాబూ, కారుకి పనికిరాని నీలు మా పైడికెలా పనికొత్తాయి?"

విశ్వపతి గారు కాస్త తడబడి, తేరుకున్నారు.

"చూడమ్మా, కారు నల్లది. దాని మీద పడ్డ మరక పదిమందికీ కనిపిస్తుంది. కడుపు లోపలిది ఎవరికి కనిపిస్తుంది? కనిపించని దానిమీద చర్య తీసుకునే అవకాశం చట్టంలో లేదు."

కమిషనర్ గారు తలూపారు. నాకు ఒళ్లు మండిపోయింది. అయినా చప్పట్లు కొట్టాను. అందరూ కొట్టారు మరి.

మర్నాడు పొద్దున్నే కారు కడుగుతుండగా గెడ్డవార ఆడవాళ్లంతా స్టీలు బిందెలు చంకనేసుకుని షెడ్డులోకి వచ్చేశారు. గొడవ చెయ్యలేదు, అరవలేదు. మెరిసే కుళాయి కారు వెనకాల ఉంది. దాని దగ్గరికి వెళ్లాలంటే కారుకీ గోడకీ మధ్య ఉన్న సందులోంచి పోవాలి. ఒకరి వెనక ఒకరు ఆ సందులోకి దూరారు. ప్రతి బిందె కారు తలుపుకి వెంట్రుకవాసి దూరంలో ఉంది.

కమిషనర్ గారి నివాసం ఆఫీసు మేడమీదే. అక్కడి వసారాలో కాఫీ తాగుతున్న ఆయన ఆ దృశ్యం చూశారు. కాఫీ కప్పు జారి కింద పడింది.

"ఆగండి! ఎవరూ కదలొద్దు!"

ఆడవాళ్లు ఉన్నచోటే నిలబడిపోయారు. ఆయన లుంగీతోనే మెట్లు దిగి పరిగెత్తుకొచ్చారు.

"వెనక్కి తిరగొద్దు! తిరిగితే అద్దానికి తగులుతుంది. ముందుకీ రావొద్దు! బిందె దించొద్దు!"

"ఎనక్కెల్లొద్దు, ముందుకి రావొద్దంటే మరేటి సెయ్యమంటారు బాబూ?" అంది గవరమ్మ. "మేం కారు ముట్టుకోం. నీలట్టుకుని ఎలిపోతాం. రేపొత్తాం, ఎల్లుండొత్తాం. రోజూ వత్తాం."

"రోజూనా?" అన్నారు కమిషనర్ గారు. ముఖం పాలిపోయింది.

విశ్వపతి గారు ప్యాంటు ఒక చేత్తో పట్టుకుని వచ్చి పోలీసుల్ని పిలిపిద్దామన్నారు. "వాళ్ల దగ్గర లాఠీలుంటాయయ్యా, బెల్టులుంటాయి, ఈ సందులోకి ఎలా పంపుతావు?" అని కసిరారు కమిషనర్ గారు. ఆయన అంత తెలివిగా మాట్లాడటం నేను వినడం అదే మొదలు.

గెడ్డవారకి కొత్త గొట్టం వెయ్యడం కుదరదని మా ఆఫీసు అంతకుముందు ఎన్ని కారణాలు చెప్పిందో నాకు తెలుసు. అక్కడ నేల పల్లం, రోడ్డు తవ్వడానికి అనుమతి లేదు, గొట్టాలు స్టాకు లేవు, నిధులు వేరే పద్దులో ఉన్నాయి. ఆ వారంలోనే నేల పల్లం ఎత్తయింది, అనుమతి వచ్చింది, గొట్టాలు ఎక్కణ్ణించో పుట్టుకొచ్చాయి. షెడ్డులోని వడపోత యంత్రం నుంచి నేరుగా గెడ్డవారకి గొట్టం వేసేశారు. ఫైలు నేనే రాశాను, కమిషనర్ గారు చెబుతుంటే.

'సదరు వీధి మహిళలు లోహపు పాత్రలతో వాహన సమీపమునకు వచ్చుటను శాశ్వతముగా నివారించి, తద్ద్వారా వర్ణమునకు సంభవింపగల నష్టమును అరికట్టు నిమిత్తము...'

ఫైలు మొత్తంలో దాహం అన్న మాట ఎక్కడా లేదు. జబ్బు అన్న మాటా లేదు. పోనీలే, గెడ్డవారలో కుళాయి తిప్పితే గ్లాసులో గ్లాసే కనిపించింది. పైడి లేచి కూర్చుంది, అన్నం తింది, బడికి పోయింది. నేను గేటు దగ్గర గోంగూర కొనబోతే గవరమ్మ ఇంకో కట్ట ఊరికే పెట్టింది. "కారు సల్లగుండాల బాబూ" అంది. వెటకారం కాదు, మనసారా అంది. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

నల్ల కారు అలా మచ్చ లేకుండా ఉండటం పైవాళ్ల చెవిన పడింది. ఉత్తమ వాహన నిర్వహణకుగాను సదానందం గారికి శాలువా కప్పి, పెద్ద ఊరికి బదిలీ చేశారు. కారునీ ఆయనతోనే పంపారు. రోడ్డు మీద దుమ్ము తగలకూడదని దాన్ని దుప్పట్లలో చుట్టి లారీ ఎక్కించారు. వీడ్కోలు నాడు ఊరేగింపులో అందరికంటే వెనక గవరమ్మ నడిచింది. లారీ మలుపు తిరిగేదాకా అక్కడే నిలబడింది. నేను అప్పుడు ఆమెకి కమిషనర్ గారి మీద గౌరవం అనుకున్నాను. ఆమె చూసింది కారుని.

కొత్త కమిషనర్ గారు వచ్చారు. పొదుపు మనిషి. ఆయన కారు తెలుపు.

వచ్చిన మర్నాడే విశ్వపతి గారు ఆయనకి నోటు పెట్టారు. 'తెలుపు వర్ణమునందు గీతలు గాని, నీటి మరకలు గాని కంటికి ఆనవు. కావున వడపోత యంత్రమునకగు విద్యుత్తు, సిబ్బంది ఖర్చు నిష్ప్రయోజనము. గెడ్డవార గొట్టమును యథాపూర్వముగా పాత లైనుకు కలుపుటకు అనుమతింపగోరడమైనది.' పొదుపు మనిషి ఒక్క చూపు చూసి సంతకం పెట్టారు. నా కళ్ల ముందే యంత్రానికి తాళం వేశారు. గెడ్డవార నీళ్లు మళ్లీ తాగడానికి యోగ్యమైనవని విశ్వపతి గారు ఆ సాయంత్రమే నిర్ధారించారు.

గవరమ్మ వాళ్లు ఊరుకోలేదు. బిందెలు చంకనేసుకుని తెల్ల కారు చుట్టూ నిలబడ్డారు. కొత్త కమిషనర్ గారు వచ్చి, వాళ్లని తోసుకుంటూ తలుపు తీశారు. ఒక బిందె తలుపుకి టంగున తగిలింది. ఒక పొడుగాటి గీత పడింది. అందరం ఊపిరి బిగబట్టాం. ఆయన బొటనవేలు ఉమ్మితో తడిపి ఆ గీత మీద రుద్ది, కాస్త వంగి చూశారు.

"ఏం కనిపించడం లేదే" అని కారెక్కి వెళ్లిపోయారు.

ఆడవాళ్లు బిందెలు దించి అక్కడే కూలబడ్డారు. నేను వాళ్ల మధ్యలో వెర్రిముఖం వేసుకుని నిలబడ్డాను.

"పైడికి మల్లీ కక్కులట్టుకున్నాయి బాబూ" అంది గవరమ్మ. ఆమె కళ్లలో నీళ్లు లేవు, కోపం ఉంది. "కల్లు మల్లీ పసుపు తిరుగుతున్నాయి. డాట్రు ఈసారి గట్టిగా సెప్పీసినాడు. నీలు మార్సకపోతే నా దగ్గిరికి తేవొద్దన్నాడు."

"మళ్లీ అర్జీ పెడదాం అమ్మా. నేనే రాస్తాను" అన్నాను.

"ఏటని రాత్తారు? దాహమని రాత్తే సదవరు. జబ్బని రాత్తే సదవరు. మీ ఆఫీసు ఏటి సదువుతాదో నాను సూసినాను కదా." కారు వెళ్లిన వైపు చెయ్యి చూపించి అడిగింది, "బాబూ, ఆ కారుకి నల్ల రంగెయ్యకూడదని కాయితం ఏదైనా ఉన్నాదా?"

ఆలోచించాను. అటువంటి నిబంధన ఏదీ నాకు గుర్తు రాలేదు. ఉన్నా చెప్పేవాణ్ణి కాదు.

మర్నాడు నేను ఆఫీసు తెరవడానికి వెళ్లేసరికి గెడ్డవార ఆడవాళ్లు తెల్ల కారు చుట్టూ ఉన్నారు. చంకల్లో బిందెలు లేవు. గోడలకి సున్నం వేసే కుంచెలున్నాయి. పోలినాయుడు ఆ ఛాయలకే రాకుండా గోడవైపు తిరిగి బీడీ కాలుస్తున్నాడు. గవరమ్మ నల్ల పెయింటు డబ్బా ఒళ్లో పెట్టుకుని, మూత మీద గోళ్లతో గీకుతోంది.

"బిగుసుకుపోయినాది బాబూ. రాటం నేదు" అంది.

మేడమీద కిటికీ తలుపు తెరుచుకున్న చప్పుడైంది. కమిషనర్ గారు లేచినట్టున్నారు. నేను పైకి చూడలేదు. గవరమ్మ పక్కన గొంతుక్కూర్చుని, జేబులోంచి ఆఫీసు తాళంచెవి తీసి, మూత అంచు కింద పెట్టి లేపాను.